పిడుదుని చంపితే శీలం తప్పినట్టేనా?

 

పిడుదు గురించి ఒక చిన్న పుస్తకమా అని కొందరు నవ్వొచ్చు. నవ్వండి, తప్పులేదు. కానీ ఈ ప్రశ్నకి నేను ఒకసారి ఆలోచించకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు వల్ల ఒక కుక్క చచ్చిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

జరిగింది ఇది

మాది పెదవేగి మండలంలో ఒక పేట. ఆదివారం సాయంత్రాలు అంబేడ్కర్ భవనంలో బుద్ధ వందన చేసుకుంటాం. త్రిశరణం, పంచశీలం అయ్యాక ఎవరో ఒకరు పావుగంట మాట్లాడతారు. పోయిన ఏడాది వానలకి ముందు ఒకసారి ఆ వంతు నాది. మొదటి శీలం మీద మాట్లాడాను. "చీమైనా ప్రాణమే, దోమైనా ప్రాణమే. పురుగునైనా చంపనని మాటిచ్చినవాళ్లం మనం" అని గట్టిగా చెప్పాను. అందరూ సాధు సాధు అన్నారు. సంతోషంగా ఇంటికెళ్లిపోయాను.

ఆ రోజు వెనకాల కూర్చున్నవాళ్లలో నాకు వరసకి బాబాయి ఒకాయన ఉన్నాడు. ఎలకలు పట్టడం ఆయన పని. సార్వా వరి పొట్టకొచ్చిందంటే అటు దెందులూరు వైపు, కొల్లేటి పల్లపు చేల వైపు పోతాడు. మిగతా రోజుల్లో ఇక్కడి పామాయిల్ తోటలూ, కోకో తోటలూ. ఆయన వెనకాల ఒక కుక్క. గట్టు మీద పది బొరియలుంటే ఏ బొరియలో ఎలక ఉందో, ఏది ఖాళీయో వాసన పట్టి చెప్పేది ఆ కుక్కే. బాబాయి మిగతా కన్నాలు మట్టితో మూసి, కుండలో గడ్డి రాజేసి పొగ పెడతాడు, లేకపోతే గునపంతో తవ్వుతాడు. తప్పించుకుని బయటికురికిన పందికొక్కుని కుక్క అందుకుంటుంది. రైతు ఎలకల లెక్కన డబ్బులిస్తాడు. అందులో సగం కష్టం కుక్కదే.

బొరియల్లో మూతి పెట్టి, గడ్డిలో దూరి తిరిగే కుక్కకి పిడుదులు పట్టకుండా ఉండవు. చెవుల్లో, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో పట్టుకుంటాయి. బాబాయి రోజూ సాయంత్రం దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పిడుదులు తీసి రాయి మీద నలిపేసేవాడు. నా ప్రసంగం విన్నాక నలపడం మానేశాడు. తీసి, ప్రాణంతోనే కంచె మీద వేసి వచ్చేవాడు. నెల తిరిగేసరికి పిడుదులు మునుపటికంటే ఎక్కువయ్యాయి. తీసి ఏం లాభం అని తీయడం కూడా తగ్గించాడు. శ్రావణంలో కుక్క మేత మానేసింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, ముక్కులోంచి రక్తం వచ్చింది. ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే ఇది పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ముందే తెచ్చి ఉంటే మందుంది అన్నారట డాక్టరు గారు. రెండో రోజు పోయింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను వెళ్తే ఆయన ఒక్క మాట అన్నాడు: "నువ్వు చెప్పావని కాదులే అబ్బాయ్. దాని బాగోగులు చూసుకోవాల్సింది నేనే గదా." తిట్టుంటే బాగుండేది అనిపించింది. ఈ సంక్రాంతికి మళ్లీ ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాడు. దాని చెవి మడత తిప్పి నాకు చూపించాడు. లోపల మూడు పిడుదులు. "ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

పక్కనున్న కుర్రాడొకడు నవ్వాడు. "ఎలకల్ని చంపి బతికేవాడివి, పిడుదు కోసం అడుగుతావేంటి తాతా?" బాబాయి నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఆ రెండు ప్రశ్నలకీ కలిపి జవాబు వెతకాలి.

శీలం ఆజ్ఞ కాదు

మొదట మనం తీసుకున్న మాట ఏమిటో చూసుకుందాం. పంచశీలంలో ప్రతి శీలాన్నీ 'సిక్ఖాపదం' అంటాం. అంటే శిక్షణలో ఒక మెట్టు. పైనుంచి ఒక దేవుడు "చంపకు" అని ఆజ్ఞాపించడం, తప్పితే నరకంలో వెయ్యడం, మన ధమ్మంలో లేదు. ప్రాణహింసకి దూరంగా ఉండడం నేర్చుకుంటానని మనంతట మనం ఒప్పుకున్నాం. నేర్చుకోవడానికి బుర్ర వాడాలి. నేను ఆ రోజు శీలాన్ని శిక్షణలాగా చెప్పలేదు, నినాదంలాగా చెప్పాను.

చేతన, అంటే సంకల్పమే కర్మ అన్నాడు బుద్ధుడు. ఇక్కడ ఇంకో మాటా ఒప్పుకోవాలి. థేరవాద అట్ఠకథల ప్రకారం అది ప్రాణి అని తెలిసి, చంపాలనుకుని, ప్రయత్నించి, చంపితే అది ప్రాణహింసే, పిడుదైనా సరే. చిన్న ప్రాణి అయితే దోషం తక్కువ, కోపం తక్కువైతే దోషం తక్కువ అని అవే చెబుతాయి. కాబట్టి పిడుదుని చంపడం ఏమీ కాదు అని నేననను. అది బతకాలనుకునే ప్రాణే. కానీ లెక్క అక్కడితో ఆగిపోదు.

బాబాసాహెబ్ చూపిన తేడా

'బుద్ధుడు – ఆయన ధమ్మం' 1957లో, బాబాసాహెబ్ పరినిర్వాణం తర్వాత వచ్చింది. అందులో అహింస గురించి ఆయన ఒక ముఖ్యమైన తేడా చూపించారు. చంపాలన్న కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు. యజ్ఞం పేరుతో పశువుల్ని నరకడంలో అవసరమేమీ లేదు, అక్కడున్నది కోరికే. బుద్ధుడు దాన్ని వ్యతిరేకించాడు. అలాగని ఏ పరిస్థితిలోనూ, ఏ ప్రాణినీ అన్న జైనుల అంచుకీ పోలేదు. అహింసని ఆయన సూత్రంగా ఇచ్చాడు, నియమంగా కాదు. నియమం కాళ్లు కట్టేస్తుంది. సూత్రం దారి చూపించి, నడిచే బాధ్యత మన మీద పెడుతుంది. అన్ని ప్రాణుల్నీ ప్రేమించు, అప్పుడు చంపాలనే కోరికే పుట్టదు అన్నది దాని సారం.

"అవసరం" అన్న మాట చాలా జారుడు మాట. చంపే ప్రతివాడూ అవసరమనే అంటాడు. అందుకని నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. అవసరం ఎవరిది, నాదా, నా మీద ఆధారపడ్డ ప్రాణిదా? చంపకుండా గడిచే దారి నిజంగా వెతికానా? చేతిలో ద్వేషం గానీ, సరదా గానీ ఉందా? నేను చంపకపోతే ఆ బాధ ఎవరి మీదికి పోతుంది?

నాలుగో ప్రశ్న దగ్గరే నేను దొరికిపోయాను. పిడుదు సంగతి తెలిసినవాళ్లకి ఇది తెలుసు. రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బిన ఆడ పిడుదు తనంతట తానే రాలిపోతుంది. గోడ బీటలోకో, చెత్త కిందికో చేరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వాటిలోంచి ఆరు కాళ్ల పిల్లలొస్తాయి, పెరిగి ఎనిమిది కాళ్లవవుతాయి. ప్రతి దశలోనూ వాటికి ఒక ఒంటి రక్తం కావాలి. బాబాయి కంచె మీద వదిలిన పిడుదుల పిల్లలు ఎక్కడికి పోయాయి? ఆయన కుక్క మీదికే పోయాయి, పక్కింటి కుక్క మీదికీ పోయాయి. ఆయన చెయ్యి శుభ్రంగా ఉంది, బాధ మాత్రం పదింతలైంది. దీన్ని అహింస అనలేం. ఇది చేతులు కడుక్కోవడం.

మంచి పసులకాపరి

మజ్ఝిమ నికాయంలో 33వది మహాగోపాలక సుత్తం. పసులకాపరికి ఉండాల్సిన పదకొండు గుణాలు అందులో బుద్ధుడు చెబుతాడు. మేత ఎక్కడుందో తెలియాలి, రేవు తెలియాలి, దారి తెలియాలి, దూడకి మిగల్చకుండా పాలు పిండకూడదు. వాటిలోనే మరో మూడున్నాయి. పశువు పుండు మీద ఈగలు పెట్టిన గుడ్లు ఏరి పారేయాలి. పుండుకి కట్టు కట్టాలి. కొట్టంలో పొగ వేయాలి. ఈ పనులు చేయని కాపరి మంద వృద్ధి కాదు అంటాడు.

నిజమే, ఇది భిక్ఖువుల కోసం చెప్పిన ఉపమానం. ఈగల గుడ్లంటే మనసులో పుట్టే కామం, ద్వేషం, హింస అనే ఆలోచనలు. వాటిని పెరగనివ్వకుండా ఏరెయ్యాలని ఆయన అర్థం. పురుగుల్ని చంపమని భిక్ఖువులకి చెప్పిన ఆదేశం కాదది. కానీ ఒకటి గమనించండి. పశువు ఒంటి మీద పురుగుల్ని ఏరేవాడిని ఆయన క్రూరుడి కింద చెప్పలేదు. ఏరకుండా వదిలేసేవాడినే పని రానివాడన్నాడు. పుండులో చెయ్యి పెట్టడానికి అసహ్యించుకోని మనిషిని తీసుకొచ్చి భిక్ఖువులకి ఆదర్శంగా నిలబెట్టాడు. మన తాతలు పాలేళ్లుగా కామందుల కొట్టాల్లో గోమార్లు తీసినవాళ్లు, పుండ్లు కడిగినవాళ్లు. ఆ పనికి దొరికింది మైల అన్న పేరు. బుద్ధుడి దగ్గర అదే పని ధమ్మానికి ఉపమానమైంది. ఈ తేడా మన పిల్లలకి చెప్పాలి.

పని చేయించుకున్నవాడి బాకీ

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. ఇంగ్లండు పల్లెల్లో ఫెర్రెట్ అని ఒక చిన్న జంతువుని పెంచుతారు, చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది. కుందేళ్ల బొరియల్లోకి దాన్ని వదిలితే కుందేళ్లు బయటికి పరుగెత్తుకొస్తాయి, మనుషులు వలలు పెట్టి పట్టుకుంటారు. ఆ పనిలో దానికీ పిడుదులు పడతాయి. పని నుంచి రాగానే దాని మెడా, చెవులూ తడిమి చూసి పిడుదులు తీయడం పెంచేవాడి పనిలో భాగం. దేశం వేరైనా న్యాయం ఒకటే. పిడుదు ఆ జంతువుకి పట్టింది మన పని మీద తిరిగినందుకు. కూలీకి పనిలో దెబ్బ తగిలితే వైద్యం చేయించాల్సింది ఎవరు? పని చేయించుకున్నవాడు. దాన్ని మనం హక్కుగా అడుగుతాం, దానంగా కాదు. మాట్లాడలేని జంతువు అడగలేదు కాబట్టి, మనమే గుర్తుపెట్టుకుని తీర్చాలి. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీదా కరుణ చూపించి కాపాడతానన్న మాట కూడా ఉంది. కాపాడటం అంటే ఊరికే చంపకుండా ఉండటం కాదు.

జంతువుల మీద కరుణ అనగానే మనలో కొందరికి మండుతుంది. ఆ మంటకి కారణముంది. మహద్ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనం తాగకూడదన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెళ్లి ఆ నీళ్లు తాగాల్సొచ్చింది. 1985 జూలైలో మన ఆంధ్రాలోనే, కారంచేడులో, గొడవ పుట్టింది దళితులు తాగే చెరువు దగ్గర. పశువులకి నీళ్లు పెట్టే బకెట్లు అందులో కడగొద్దన్నందుకు మొదలై ఆరుగురి ప్రాణాల దాకా పోయింది. పశువుకి పూజ, మనిషికి కత్తి. అది కరుణ కాదు. మన కరుణ పూజ కాకూడదు. బాబాయి తన కుక్కకి పసుపూ కుంకుమా పెట్టడు, దాని చెవి కడుగుతాడు. మనకి కావలసింది ఆ కరుణ.

ఎలకల సంగతి

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. ఎలకల్ని చంపేవాడికి పిడుదు గురించి అడిగే అర్హత ఉందా? నేను వాడిని తిరిగి అడిగాను: ఎలకలు పట్టించేది ఎవరు? రైతు. ఆ గింజలు తినేది ఎవరు? నువ్వూ నేనూ. చంపడమూ తప్పే, చంపించడమూ తప్పే అని ధమ్మం రెంటినీ కలిపే చెబుతుంది. ఈ దేశంలో వేరే ఏర్పాటు నడిచింది. చచ్చిన గొడ్డుని లాగేవాడికి మైల, ఆ తోలు చెప్పులు తొడుక్కున్నవాడికి పుణ్యం. చంపే పని ఒకరికి అప్పగించి, ఆ పాపం కూడా వాళ్లకే అంటగట్టి, తాము శుద్ధంగా ఉండిపోయారు. బాబాయి చేతిలోని ఎలకని చూసి నవ్వితే మనమూ ఆ ఏర్పాటులో చేరినట్టే.

బాబాయి ఎలకలు పట్టకపోతే చేలో విషం ఎరలు పెడతారు. ఎలక కొన్ని రోజులు లోలోపల రక్తం కారి చస్తుంది. దాన్ని తిన్న గుడ్లగూబకీ, కుక్కకీ ముప్పే. ఆయన గునపం దెబ్బ ఒక్క క్షణం. ఇది ఎలకల్ని చంపడానికి సమర్థన కాదు. పంట నిలవాలంటే ఎక్కడో ఒకచోట హింస ఉంటోంది. దాన్ని ఎంత తక్కువలో, ఎంత బాధ లేకుండా చేస్తున్నాం అన్నది చూసుకోవాలంటున్నాను. పైగా ఎలకల్ని చంపి బతుకుతూ కూడా పిడుదు ప్రాణం గురించి ఆగి అడిగాడు చూడండి, అదే శిక్షణ. ఆ ఆదివారం సాధు సాధు అన్నవాళ్లలో ఆ మాటని ఇంటిదాకా మోసుకెళ్లింది ఆయనే.

అయితే ఏం చెయ్యాలి?

వానాకాలంలో తిరిగితే పచ్చగడ్డీ, చిన్న చిన్న పురుగులూ కాళ్ల కింద చస్తున్నాయని జనం అంటే, బుద్ధుడు భిక్ఖువులకి వర్షావాసం పెట్టాడు. నీళ్లలో పురుగులుంటాయని తాగడం మానమనలేదు, వడకట్టే గుడ్డ దగ్గరుంచుకోమన్నాడు. అంటే చంపాల్సిన అవసరమే రాకుండా ముందు మన నడత మార్చుకోవాలి. మనకి ఉత్తరాన జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలకి వెళ్లినప్పుడు ఇది గుర్తు చేసుకోండి. రెండు వేల ఏళ్లకి ముందు ఆ కొండ మీద వానాకాలం కదలకుండా గడిపినవాళ్ల అహింస అలాంటిది.

పిడుదుల విషయంలోనూ అంతే. కుక్క పడుకునే చోట గోడ బీటలు మట్టితో మెత్తి సున్నం వెయ్యండి. చెత్త, పాత గోనెలు తీసెయ్యండి. గుడ్లు పెట్టే చోటు లేకపోతే చంపాల్సినవి వేలనుంచి పదుల్లోకి వస్తాయి. పని నుంచి రాగానే చెవులు, మెడ, చంకలు, వేళ్ల సందులు తడిమి చూడండి. పిడుదు కనబడితే సన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నేరుగా లాగండి. బీడీతో కాల్చొద్దు, కిరసనాయిలు పొయ్యొద్దు. అది పిడుదుకీ హింస, కుక్కకీ హింస. వేళ్లతో నలపొద్దు, దానిలోని రోగం మీకు అంటుకోవచ్చు. సబ్బు నీళ్లలో వేసెయ్యండి. చేతులు కడుక్కోండి.

పొలానికి కొట్టే మందు నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూసేవాళ్లున్నారు. అది మానండి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, విషం కడుపులోకి పోతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. విషం మనం చల్లిన చోటే ఆగిపోతుందని అనుకోకూడదని ఆ రోజులు మనకి చెప్పాయి. పిడుదులకి వాడే మందు పశువుల డాక్టర్ని అడిగి, ఆయన చెప్పిన కొలతలో వాడండి. కుక్క మేత మానినా, చిగుళ్లు పాలిపోయినా ఆ రోజే తీసుకెళ్లండి.

మనిషిని పిడుదు అనొద్దు

చివరిగా ఒక మాట. ఈ సంగతి మన యువకుల దగ్గర చర్చకి పెడితే ఒకరన్నారు: "మన రక్తం తాగేవాళ్లు వేరే ఉన్నారన్నా, ముందు ఆ పిడుదుల్ని నలపాలి." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కోపం నాకు తెలుసు, నాలోనూ ఉంది. అయినా ఆ పోలిక నేను ఒప్పుకోను. పిడుదుకి రక్తం తాగడం తప్ప ఇంకో బతుకు లేదు. మనిషికి ఉంది. అంగులిమాలుడంతటి హంతకుడు మారాడు. ఒక మనిషిని పురుగు అన్నరోజున అతన్ని నలపడానికి చెయ్యి సిద్ధమైపోతుంది. మనల్ని అలాంటి పేర్లతో పిలిచినవాళ్లు మన పేటల మీద ఏం చేశారో మనకి తెలుసు. దోపిడీతో కొట్లాడదాం, కోర్టులో, ఓటుతో, సంఘంతో. కానీ ద్వేషం అనే ఈగ గుడ్డుని మన పుండు మీద పొదగనివ్వొద్దు. మహాగోపాలక సుత్తం ఏరమన్నది దాన్నే.

బాబాయికి నేను చెప్పిన జవాబు ఇది: తియ్యి. చంపక తప్పదు, చంపు. కోపంతో వద్దు, సరదాకి వద్దు, కాల్చొద్దు. రేపు తక్కువ చంపాల్సొచ్చేలా ఈ రోజు గోడ మెత్తు. ఇంకో మాట కూడా చెప్పాను: మొన్న నేను చెప్పింది తప్పు, నన్ను క్షమించు. ఆ మాట ఆదివారం అందరి ముందూ మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఆయన అరుగు మీద కొబ్బరి చిప్పలో సబ్బు నీళ్లుంటాయి. సాయంత్రం పిల్ల కుక్క ఒళ్లో పడుకుని చెవులు వదిలేస్తుంది. ఒక్కో పిడుదుని నీళ్లలో వేసేటప్పుడు ఆయన ఏదో గొణుగుతాడు. ఏమంటున్నావు బాబాయ్ అని అడిగాను. "ఏముందిరా, నీకూ ఆకలే, దీనికీ నొప్పే, నేనేం చెయ్యను అంటున్నా" అన్నాడు.

మొదటి శీలం మీద ఈసారి ప్రసంగం నేను కాదు, ఆయన చేస్తాడు. మీరూ రండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!